ఏడుపొస్తే "కోరు తగిలింది" అనకండి: లోపల కుక్కుకున్నది బయటికి ఎలా తీయాలి

గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. అక్కడ ఎవరు ఏడ్చినా ఎవరికీ తెలీదు. సీజన్‌లో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, విప్పి కాయలు పోస్తుంటే లేచే ఘాటుకి, దాన్నే మేం కోరు అంటాం, లోపలికొచ్చిన ప్రతివాడూ తువ్వాలు ముక్కుకి కట్టుకుని తుమ్ముతూ దగ్గుతూ కళ్ళు తుడుచుకుంటూనే ఉంటాడు. అందులో ఎవరి కన్నీళ్ళు మిరపకాయవి, ఎవరివి ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నవి అని ఎవరు చూస్తారు? నేను ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. మా నాన్న పోయాక దాదాపు ఏడాది పాటు ఈ సౌకర్యాన్ని బాగానే వాడుకున్నాను. "ఏంటి కళ్ళు అంత ఎర్రగా ఉన్నాయి?" అంటే "కోరు తగిలింది" అనేవాణ్ణి, అక్కడితో సరి.

సరి కాలేదని తర్వాత తెలిసింది. ముందు ఛాతీ పట్టేసినట్టు ఉండేది. ఆ తర్వాత రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మంచం మీద లేచి కూర్చోవడం మొదలైంది. గ్యాస్ అనుకున్నాను, మనకి గుండెల్లో ఏమొచ్చినా ముందు గ్యాసే కదా. చివరికి కొత్తపేటలో ఒక డాక్టరు గారు ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ చేయించి, అన్నీ నార్మల్ అని చెప్పి, "ఈ మధ్య ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని అడిగారు. "ఏం లేదండీ" అన్నాను. పక్కన కూర్చున్న మా ఆవిడ నా వంక వింతగా చూసి, "అదేంటండీ, మామయ్యగారు పోయారుగా" అంది. నేనేం మర్చిపోలేదు. అది డాక్టరుకి చెప్పాల్సిన విషయమని తట్టలేదు, అంతే.

అప్పట్నుంచి చదివినవీ, చేసి చూసినవీ, చేసి తప్పని తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, గుమాస్తాని. కాబట్టి ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకుతున్నా, చల్లటి చెమటలు పడుతున్నా, ఆయాసం వస్తున్నా 108కి ఫోన్ చేయండి, ఇది టెన్షనే అని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. గుండె దడ, చిరాకు థైరాయిడ్ ఎక్కువైనా వస్తాయి, అదీ చూపించుకోండి. కింద రాసిందంతా పరీక్షలు అయిపోయాక మొదలుపెట్టే పని.

అసలు ఆపుకుంటే లోపల ఏమవుతుంది?

మన ఓదార్పు మాట ఏంటో ఎప్పుడైనా గమనించారా? "ఊరుకో." ఏడిచేవాళ్ళ భుజం మీద చెయ్యేసి మనం చెప్పేది నోరు మూసుకోమని. ప్రేమగానే చెప్తాం, కానీ చెప్పేది అదే. చావింట్లో ఆడవాళ్ళకి ఇంకా కాస్త చోటుంది, పోయినవాళ్ళని పిలుచుకుంటూ, వాళ్ళు చేసిన మంచి తలుచుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. శోకండాలు పెడుతున్నారని వెనక నవ్వుతారు గానీ, ఆ రాగంలో వాళ్ళు పేరు పెట్టి, ఊరు పెట్టి, ఏ దుఃఖం ఎందుకో వివరంగా చెప్పేస్తున్నారని నాకు ఇప్పుడు అర్థమైంది. మగాళ్ళం బయట షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటాం. పెద్దకొడుకైతే కూర్చోవడం కూడా ఉండదు, ఫ్రీజర్ బాక్సు, కట్టెలు, పురోహితుడు, భోజనాలు, ఎవరికి ఫోన్ చేశాం ఎవరికి చేయలేదు, ఇదే. పెద్దకర్మ దాకా నేను ఒక్క లెక్క తప్పలేదు. అందరూ "గట్టివాడు" అన్నారు, నేనూ అదే అనుకున్నాను.

దీని మీద పరిశోధనలు చాలా జరిగాయి. అమెరికాలో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే ఇద్దరు 1993లో కొంతమందికి కాలిన గాయాలకి చికిత్స, చెయ్యి తీసేసే ఆపరేషన్ లాంటి చూడలేని వీడియోలు చూపించి, సగం మందిని ముఖంలో ఏమీ కనపడనివ్వొద్దన్నారు. ముఖం బిగపట్టుకున్నవాళ్ళకి లోపల అసహ్యం ఏమీ తగ్గలేదు. పైగా ఒత్తిడిలో పనిచేసే నరాల వ్యవస్థ, చెమట పట్టించి రక్తనాళాల్ని బిగించేది, వాళ్ళలో ఇంకా ఎక్కువగా పనిచేసింది. 2000లో అదే గ్రాస్, జేన్ రిచర్డ్స్ అనే ఆవిడతో కలిసి ఇంకోటి చూపించారు: ముఖం దాచుకునే పనిలో ఉన్నవాళ్ళకి ఆ సమయంలో విన్నవి సరిగా గుర్తుండవు. ఇది చదివి నేను నవ్వుకున్నాను. మా షావుకారు తిడుతున్నప్పుడు నేను ఏమీ పట్టనట్టు నిలబడేవాణ్ణి, ఆయన తిట్ల మధ్యలో చెప్పిన లారీ నంబరు మాత్రం ఎప్పుడూ గుర్తుండేది కాదు, దానికి మళ్ళీ తిట్లు.

మన చరక సంహితలో ఇంకా తమాషాగా ఉంటుంది. ఆపకూడని వేగాలు పదమూడు అని చెప్పి, మలమూత్రాలు, తుమ్ము, ఆవలింత, ఆకలి, నిద్రతో పాటు కన్నీళ్ళని కూడా ఆ జాబితాలో వేశారు. కన్నీళ్ళు ఆపితే జలుబు, కంటి జబ్బు, గుండె జబ్బు, అరుచి, కళ్ళు తిరగడం వస్తాయని రాశారు. వెంటనే అదే అధ్యాయంలో ఆపుకోవాల్సినవీ చెప్పారు: లోభం, శోకం, భయం, క్రోధం, ఈర్ష్య వగైరా. అంటే దుఃఖంలో కొట్టుకుపోవద్దు, కానీ కన్నీటి చుక్కని మాత్రం ఆపొద్దు. జబ్బుల జాబితాని ఇప్పటి వైద్యం ఎంతవరకు ఒప్పుకుంటుందన్నది పక్కన పెడితే, ఆ తేడా మాత్రం నాకు బాగా నచ్చింది.

నా లెక్కలో అయితే ఇది కోల్డ్ స్టోరేజీ వ్యవహారం. ధర లేనప్పుడు రైతు టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టడం తప్పేం కాదు, తెలివైన పనే. కానీ పెట్టినప్పుడు బాండు, అంటే సరుకు పెట్టినట్టు రసీదు, రాయించుకుంటాడు, అద్దె ఎంత పడుతుందో తెలుసుకుంటాడు, ఒక రోజు వచ్చి తీసుకెళ్తాడు. షావుకారు ముందో, కొట్టుకి బేరానికొచ్చిన పార్టీ ముందో, పిల్లల ముందో కోపాన్ని ఆపుకోవాల్సిందే, అందరి ముందూ అన్నీ కక్కేసేవాడికి ఉద్యోగం ఉండదు, సంసారమూ ఉండదు. మనం చేసే తప్పల్లా పెట్టి బాండు పారేసుకోవడం. సరుకు లోపలే ఉంటుంది, అద్దె పెరుగుతూనే ఉంటుంది.

ముందు సరుకు పేరు రాయండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తాను. "టెన్షన్‌గా ఉంది" అనే మాట ఒక వారం పాటు మానేసి చూడండి. ఈ ఒక్క టెన్షన్ వచ్చి మన మాటలన్నిటినీ మింగేసింది. కూతురు హాస్టల్‌కి వెళ్ళినా టెన్షన్, అప్పువాడు వచ్చినా టెన్షన్, తోడికోడలు కారు కొన్నా టెన్షన్. మొదటిది బెంగ, రెండోది భయం, మూడోది ఏంటో మీకు తెలుసు. దిగులు వేరు, బెంగ వేరు. చిరాకు వేరు, విసుగు వేరు. అలక అంటే ఎవరో వచ్చి బతిమాలాలని లోపల ఉండే కోపం. ఉక్రోషం అంటే ఎదుటివాణ్ణి ఏమీ చేయలేక వచ్చే కోపం. ఇన్ని మాటలు ఉన్న భాషలో పుట్టి ఒక్క ఇంగ్లీషు మాటతో బండి నడిపిస్తున్నాం.

దీనివల్ల లాభం ఉందా అంటే, ఉంది. 2007లో మాథ్యూ లీబర్మన్ అనే ఆయన మెదడు స్కానింగ్ తీస్తూ కోపం, భయం ఉన్న ముఖాల ఫోటోలు చూపించి, ఆ భావానికి పేరు చెప్పమన్నారు. పేరు చెప్పినప్పుడు మెదడులో ప్రమాదఘంట మోగించే అమిగ్డలా అనే భాగం కాస్త నెమ్మదించింది.

నాకు జరిగింది చెప్తాను. ఒక రోజు రాత్రి ఇంటికొచ్చి, గుమ్మంలో అడ్డంగా పడున్న షూస్ చూసి మా చిన్నోడి మీద ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాను. వాడు భయపడి షూస్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. షూస్ మీద అంత కోపం ఏ మనిషికీ రాదు కదా. భోజనం దగ్గర కూర్చుని పొద్దున్నుంచి ఏం జరిగిందా అని వెనక్కి వెళ్తే దొరికింది: మధ్యాహ్నం కొట్లో కంప్యూటర్ చూసే కుర్రాడు, పార్టీ ముందే, "అంకుల్, మీ టోటల్ తప్పు" అన్నాడు. తప్పే. నాకొచ్చింది కోపం కాదు, చిన్నతనం. ఆ మాట దొరకగానే సగం దిగిపోయింది, వెళ్ళి చిన్నోడి పక్కన కూర్చున్నాను.

పేరు దొరక్కపోతే ఒంటిని అడగండి. గొంతు పూడుకుపోయిందా, కడుపులో దేవినట్టుందా, గుండె బరువెక్కిందా, అరికాలి మంట నెత్తికెక్కిందా, కాళ్ళల్లో సత్తువ లేదా? మన పెద్దవాళ్ళు వీటన్నిటికీ మాటలు పెట్టే పోయారు. మన దగ్గర చాలామంది దిగులుని దిగులుగా చెప్పరు, నడుము నొప్పిగానో, తలనొప్పిగానో, నరాల వీక్‌నెస్‌గానో చెప్తారు. ఆ నొప్పి నాటకం కాదు, నిజంగానే ఉంటుంది. ఏ రోజుల్లో, ఎవరు వచ్చి వెళ్ళాక ఎక్కువవుతోందో ఒక నెల పాటు క్యాలెండర్ మీద చుక్క పెట్టుకుంటూ వెళ్తే మీకే తెలుస్తుంది.

అరిస్తే తగ్గుతుందనుకోకండి

"లోపల పెట్టుకోకు, అరిచెయ్, తేలికవుతుంది" అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి టీ కొట్టు దగ్గరా ఉంటారు. బ్రాడ్ బుష్‌మన్ 2002లో కొంతమంది కాలేజీ పిల్లలకి కావాలని కోపం తెప్పించి, కోపం తెప్పించినవాణ్ణి తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్ గుద్దమన్నారు. గుద్దినవాళ్ళకి, ఊరికే కూర్చున్నవాళ్ళ కంటే కోపం పెరిగింది. 2024లో 154 పరిశోధనల్ని కలిపి చూసినా అదే తేలింది, ఒంటిని చల్లబరిచేవి కోపాన్ని తగ్గిస్తాయి, ఒంటిని వేడెక్కించేవి తగ్గించవు. ఇంకోటి, 1995లో గుండెపోటు వచ్చిన 1,623 మందిని అడిగి చూస్తే, విపరీతమైన కోపం వచ్చాక రెండు గంటల్లో గుండెపోటు ముప్పు రెండు రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఆ ముప్పు అసలే చిన్నది కాబట్టి రెట్టింపైనా చిన్నదే. స్టెంట్ వేయించుకుని రాత్రి తొమ్మిదింటికి టీవీ డిబేట్ చూస్తూ తిట్టే బాబాయిలు మాత్రం కాస్త ఆలోచించుకోవాలి.

కోపం వచ్చిన క్షణంలో చేయాల్సింది ఊపిరి నెమ్మది చేయడం. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి, నిమిషానికి ఆరుసార్లు వస్తుంది. అయిదు నిమిషాలు చాలు. వదలడం నెమ్మదైతే గుండెని నెమ్మదింపజేసే వేగస్ నాడి పనిచేస్తుంది. యార్డు లోపల మాత్రం ఇది ప్రయత్నించకండి, నేను మొదటిసారి అక్కడే చేసి, లోతుగా కోరు పీల్చి, ఉన్న కోపం చాలక దగ్గు కూడా తెచ్చుకున్నాను. ఇప్పుడు గేటు బయటికొచ్చి బండి మీద కూర్చుని చేస్తాను.

రాత్రి చిట్టా రాయండి

పగలు ఆపుకున్నదాన్ని అదే రోజు తీయాలి, మహా అయితే మర్నాడు. నేను చేసేది చిట్టా రాయడం. అందంగా రాయక్కర్లేదు, తప్పులు దిద్దక్కర్లేదు, ఎవరికీ చూపించక్కర్లేదు. పదిహేను ఇరవై నిమిషాలు పెన్ను ఎత్తకుండా, ఏం జరిగింది, నాకేమనిపించింది అని రెండూ రాయాలి. ఒక్క జరిగింది మాత్రమే రాస్తే అది పోలీసు రిపోర్టు అవుతుంది. ఈ పద్ధతిని జేమ్స్ పెన్నెబేకర్ 1986లో కాలేజీ విద్యార్థులతో చేయించారు, నాలుగు రోజులు వరసగా, రోజుకి పావుగంట, జీవితంలో బాగా బాధపెట్టిన సంగతి గురించి. రాసిన వెంటనే వాళ్ళకి మనసు ఇంకా బరువెక్కింది. కానీ తర్వాతి ఆరు నెలల్లో, జరిగిందీ అనిపించిందీ రెండూ రాసినవాళ్ళు డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్ళారు. తర్వాత వచ్చిన వందల పరిశోధనల్లో లాభం కొందరికి కనిపించింది, కొందరికి లేదు, సగటున చూస్తే చిన్న లాభమే. ఖర్చేముంది, ఒక పది రూపాయల నోటు పుస్తకం.

నాన్న గురించి మొదటి రోజు రాసినప్పుడు ఆరు లైన్లు కూడా రాలేదు. రెండో రోజు ఆయన కళ్ళద్దాల డబ్బా గురించి రాశాను, ఒక కాడ విరిగితే రబ్బరు బ్యాండ్ చుట్టి వాడారు, కొత్తవి కొనిస్తానని నేను మూడు నెలలు వాయిదా వేశాను. ఆ పేజీ దగ్గర మా ఆవిడ లైటు ఆపడానికి వచ్చి, చూసి, ఆపకుండా వెళ్ళిపోయింది. రాస్తుంటే మరీ తట్టుకోలేనట్టు అయితే ఆపేయండి, దెబ్బ మరీ పచ్చిగా ఉన్నప్పుడు ఇది పనికిరాదు. రోజూ అదే పేజీ, అదే ఏడుపు తిరిగి తిరిగి రాస్తున్నా ఆపేయండి, అది మరమరాలు నమిలినట్టు నమలడమే.

చెప్పడం, చెప్పించుకోవడం

ఎవరికి చెప్పాలి? వెంటనే సలహా ఇవ్వనివాళ్ళకి. ఇలాంటివాళ్ళు ఊరికి ఇద్దరుంటారు, వెతుక్కోవాలి.

మా చెల్లెలు వాళ్ళది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్ళొచ్చినప్పుడు ముసలి అత్తగారితో పైవాటాలో చిక్కుకుపోయింది. తర్వాత ఎవరు అడిగినా "అందరికీ వచ్చిందేగా అన్నయ్యా, మాకొక్కళ్ళకా" అనేది, బురద కడిగేది. వాన పడితే మాత్రం అర్ధరాత్రి లేచి మెట్ల దగ్గర లైటేసి చూసేది. అందరం "ఎంత నష్టం వచ్చింది, ఫ్రిజ్ పోయిందా" అనే అడిగాం. ఒక ఆదివారం నేను వెళ్ళి, "ఆ రాత్రి కరెంటు పోయాక ఏం చేశారమ్మా?" అన్నాను. గంటన్నర మాట్లాడింది. నేను చేసిందల్లా "ఊరుకో" అనకపోవడం. అయితే చెప్పమని బలవంతం మాత్రం చేయకండి, ప్రమాదం జరిగిన వెంటనే కూర్చోబెట్టి అంతా చెప్పించడం మేలు చేయదనీ, కొందరికి కీడే చేస్తుందనీ తేలింది. వాళ్ళంతట వాళ్ళు మొదలుపెట్టే సందు వదిలి ఊరుకోవాలి.

ఇంట్లో ఆడవాళ్ళ సంగతి ఇంకాస్త కష్టం. "సర్దుకుపో" అనే మాట వాళ్ళకి పెళ్ళి సారెతో పాటే వస్తుంది. ఫ్రామింగ్‌హామ్ అని అమెరికాలో 1948 నుంచి గుండె జబ్బుల మీద పరిశీలన జరుగుతున్న ఊరు. అక్కడి తర్వాతి తరాన్ని పదేళ్ళు గమనించి 2007లో రాశారు: భర్తతో గొడవ వచ్చినప్పుడు నోరు మూసుకునే భార్యల్లో, మూసుకోనివాళ్ళ కంటే మరణాలు దాదాపు నాలుగు రెట్లు. భర్తల్లో ఆ తేడా కనపడలేదు. నోరు మూసుకోవడమే కారణమని దీంతో రుజువైపోయిందని కాదు, నోరు మూసుకోవాల్సిన ఇల్లే కారణం కావచ్చు. ఆ లెక్క చూశాక నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

చెప్పేటప్పుడు ఒక విషయం, ఒక రోజు, ఒక కోరిక. "మీరెప్పుడూ ఇంతే, మీ వాళ్ళంతా ఇంతే" అంటే ఎదుటివాళ్ళు మొత్తం వంశాన్ని కాపాడుకునే పనిలో పడతారు. "ఏమండీ, నిన్న వదిన ముందు నా వంట గురించి అన్నారు. నాకు చిన్నతనంగా అనిపించింది. ఏదైనా ఉంటే వంటింట్లోకి వచ్చి చెప్పండి." ఇది మా ఆవిడ నాతో అన్న మాటే, మార్చలేదు. అదే పద్ధతిలో నేను షావుకారుతో, "తప్పు నాదేనండీ, కానీ పార్టీ ముందు కాకుండా నన్ను పక్కకి పిలిచి అడగండి" అన్నాను. రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత పిలుస్తున్నాడు, ప్రతిసారీ కాదు. అందరు షావుకార్ల దగ్గరా ఇది చెల్లదు, ఉద్యోగం పోయేటట్టుంటే చిట్టాతోనే సరిపెట్టుకోండి. చెయ్యి చేసుకునే మనిషితో అయితే ఈ నేర్పులేవీ వద్దు, ముందు అక్కణ్ణుంచి బయటపడే దారి చూసుకోండి.

హాస్టల్ పిల్లలున్నవాళ్ళకి ఒక్క మాట: ఆదివారం ఫోన్‌లో మార్కులు చివర అడగండి. మొదటి పది నిమిషాలు మెస్‌లో కూరేంటి, పక్క మంచం వాడు ఎలా ఉన్నాడు, ఇవే.

ఇవన్నీ చేసినా

రెండు వారాలకి పైగా రోజూ దిగులుగానే ఉంటే, నిద్ర, ఆకలి పోతే, ఇదివరకు ఇష్టమైనవి కూడా పట్టకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగక్కర్లేదు, ఆ రోజే ఎవరికైనా చెప్పండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ ఉంది, నంబరు 14416, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మనసు డాక్టరు దగ్గరికి వెళ్తే పిచ్చి అంటారని భయపడేవాళ్ళకి చెప్పేదేమీ లేదు, నేనూ భయపడ్డాను, బండి రెండు వీధుల అవతల పెట్టి నడిచి వెళ్ళాను. అక్కడ వెయిటింగ్ హాల్లో మా యార్డువాళ్ళు ఇద్దరు కనిపించారు, ముగ్గురం ముఖాలు ఫోన్లలో పెట్టుకున్నాం. వెళ్ళేటప్పుడు ఎప్పట్నుంచి, ఏ వేళల్లో, నిద్ర ఎన్ని గంటలు, ఇంట్లో ఏం జరిగింది, ఇప్పటిదాకా ఏ మాత్రలు వాడారు, అన్నీ ఒక చీటీ మీద రాసుకెళ్ళండి, లోపలికెళ్ళాక ఏమీ గుర్తుకురాదు. నా చీటీలో మాత్రల పేర్లు ఆరు, ఆరూ గ్యాస్‌వే. ఏడోది మా ఆవిడ గుర్తుచేసింది.